నంబర్ ఇవ్వకుండా మాట్లాడాలంటే సిగ్నల్ యాప్ బాగా పనికొస్తోంది

పండగ వస్తే బెంగళూరులో మన తెలుగువాళ్లందరి తిప్పలూ ఒకటే. రైల్లో వెయిటింగ్ లిస్టు, బస్సు రేట్లేమో ఆకాశంలో, చివరికి ఎవరో కర్నూలు దాకా కార్లో వెళ్తున్నారని తెలిస్తే హెబ్బాళ దగ్గర ఎక్కేసి పెట్రోలు ఖర్చు పంచుకుంటాం. అంతవరకూ బాగానే ఉంటుంది, కానీ ఆ ఒక్క ప్రయాణం కోసం ఇచ్చిన నంబర్ వాళ్ల ఫోన్లో అలాగే ఉండిపోతుంది. ఆ తర్వాత రాత్రి పదకొండింటికి "హాయ్ అండీ, గుర్తున్నానా" అని మెసేజ్, దాని వెనకే మిస్డ్ కాల్. మారతహళ్లి పీజీల్లో ఉండే అమ్మాయిల్లో ఎవర్ని అడిగినా ఇలాంటిది ఒకటి చెప్తారు. పోనీ నంబర్ మార్చేద్దామా అంటే బ్యాంకు, ఆధార్, ఆఫీసు అన్నీ దానికే లింకై ఉంటాయి.

ఇలాంటి పనులకి నేను సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ వాడుతున్నాను. 2024లో ఇందులో యూజర్‌నేమ్ వచ్చింది. అకౌంట్ తెరవడానికి ఫోన్ నంబర్ ఎలాగూ కావాలి, కానీ అవతలివాళ్లకి అది ఇవ్వక్కర్లేదు. ప్రొఫైల్లోకి వెళ్లి ఒక పేరు పెట్టుకోవడమే, చివర్లో కనీసం రెండు అంకెలు ఉండాలి. ఆ పేరైనా, దాని క్యూఆర్ కోడ్ అయినా పంపితే చాలు. పేరు అక్షరం పొల్లుపోకుండా కొడితేనే మనం దొరుకుతాం, సగం కొట్టి వెతికితే లిస్టేమీ రాదు. ఇది నాకు చాలా నచ్చింది.

కొత్తవాళ్లు మెసేజ్ పెడితే ముందు రిక్వెస్ట్‌గా వస్తుంది. వాళ్ల పేరు, ఇద్దరికీ కామన్‌గా గ్రూపులుంటే అవీ చూసి ఒప్పుకోవచ్చు, లేదా డిలీట్, బ్లాక్. మనం ఒప్పుకునేదాకా మెసేజ్ చదివామన్న సంగతి కూడా వాళ్లకి తెలియదు. ఒప్పుకున్నాక కాల్స్ కూడా అందులోనే, కాబట్టి "ఫ్లైఓవర్ కింద ఉన్నా, తెల్ల కారు" లాంటివన్నీ నంబర్ లేకుండానే అయిపోతాయి. మెసేజ్‌లూ కాల్స్ అన్నీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షనే, అంటే మాట్లాడుకునేవాళ్లు తప్ప మధ్యలో ఎవరూ చదవలేరు, వినలేరు. దానికి విడిగా సీక్రెట్ చాట్ తెరవక్కర్లేదు. నడిపేది లాభం కోసం పనిచేయని సంస్థ, ప్రకటనల గోల లేదు.

ఇబ్బంది ఎక్కడంటే, మనవాళ్లలో చాలామంది ఫోన్లలో ఈ యాప్ ఉండదు. కారాయన్ని ఇన్‌స్టాల్ చేసుకోమంటే కొందరు చేస్తారు, కొందరు "నంబర్ ఇస్తే సరిపోతుంది కదమ్మా" అంటారు. అలాంటప్పుడు నేను వేరే కారు చూసుకుంటాను, నా మటుకు అది సబబే. హైవే మీద డేటా పోతే కాల్ కలవదు, అదొకటి. కొంతసేపటికి వాటంతటవే చెరిగిపోయే డిసప్పియరింగ్ మెసేజ్‌లు పెట్టినా అవతలివాళ్లు స్క్రీన్‌ని ఇంకో ఫోన్‌తో ఫోటో తీస్తే ఏమీ చేయలేం.

ప్రయాణం అయ్యాక యూజర్‌నేమ్ మార్చేస్తే పాత పేరుతో కొత్తవాళ్లెవరూ మనల్ని పట్టుకోలేరు. అయితే అప్పటికే చాట్‌లో ఉన్నవాళ్లు అలాగే ఉంటారు, వాళ్లు వద్దనుకుంటే బ్లాక్ చేయాల్సిందే. మన నంబర్ ముందే సేవ్ చేసుకున్నవాళ్లకి అది కనిపిస్తూనే ఉంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో ఫోన్ నంబర్ అని ఉంటుంది. నంబర్ ఎవరికి కనిపించాలన్నది మొదటినుంచీ "ఎవరికీ వద్దు" మీదే ఉంటుంది, కానీ నంబర్‌తో మనల్ని ఎవరు వెతకచ్చన్నది "అందరూ" అని ఉంటుంది. ఎవరికైనా పేరు ఇచ్చేముందే ఆ రెండోది మీరే మార్చుకోండి.