‘స్టీరియో, వీజీ ప్లస్’ అన్న మాట నమ్మి హవాయి ఎల్పీలు కొనకండి

హవాయిలో పేరు తెచ్చుకున్న వాద్యకారులు మార్టిన్ డెన్నీ, ఆర్థర్ లైమన్‌ల పాత ఎల్పీల కోసం వెతుకుతున్నవాళ్లకు ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో ‘స్టీరియో, వీజీ ప్లస్’ అని పెట్టి అమ్ముతున్నారు (వీజీ ప్లస్ అంటే ‘వెరీ గుడ్ ప్లస్’, ప్లేటు ఎలాంటి స్థితిలో ఉందో చెప్పే మార్కు). పార్శిల్ విప్పితే అట్ట స్టీరియోది, లోపలి ప్లేటు మోనోది (స్టీరియోలో రెండు స్పీకర్లకు వేర్వేరు ధ్వని, మోనోలో రెండింటికీ ఒకటే). ఇదేమిటని అడిగితే ‘పాటలు అవే కదండీ’ అంటున్నారు. పాటలు అవేగానీ వాయింపు అది కాదు!

డెన్నీ ‘ఎగ్జోటికా’ ఎల్పీ సంగతే తీసుకోండి. 1957లో లిబర్టీ కంపెనీ తెచ్చిన మోనో రికార్డు (ఎల్ఆర్‌పీ 3034) 1956 డిసెంబరులో హవాయిలో రికార్డయింది. అందులో వైబ్రాఫోన్ (లోహపు పట్టీల మీద కొట్టి వాయించేది) లైమన్‌ది. స్టీరియో (ఎల్ఎస్‌టీ 7034) కోసం 1958లో హాలీవుడ్‌లో అంతా మళ్లీ వాయించారు. అప్పటికి లైమన్ సొంత బృందం పెట్టుకుని వెళ్లిపోయాడు, అతని చోట జూలియస్ వెక్టర్ వాయించాడు. కాబట్టి ఇవి రెండు వేర్వేరు రికార్డులు, ఏది కావాలో ముందే తేల్చుకోండి. మా మటుకు ఒక్కటే కొనాలంటే మోనోయే. డబ్బు కట్టేముందు రెండు ఫొటోలు అడగండి: ఒకటి ప్లేటు మధ్యనున్న కాగితం లేబులుది, రెండోది పాటలు అయిపోయాక లేబులు దాకా మిగిలే నున్నటి చోట చెక్కిన నంబరుది. ఆ నంబరును రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో ఉన్నదానితో పోల్చుకోండి. అట్ట ఫొటో ఒక్కటే పంపేవాళ్ల దగ్గర కొనకపోవడమే మంచిది.

క్యాపిటల్ కంపెనీ రికార్డుల్లో ఇంకో చిక్కుంది. నంబరుకు ముందు ‘టీ’ ఉంటే మోనో, ‘ఎస్‌టీ’ ఉంటే అసలు స్టీరియో, ‘డీటీ’ ఉంటే డ్యుయోఫోనిక్. డ్యుయోఫోనిక్ అంటే మోనో టేపునే తీసుకుని, మంద్రం ఒక పక్కకీ తారం ఇంకో పక్కకీ తోసి, రెండింటి మధ్యా కాస్త ఆలస్యం కలిపి చేసిన ఉత్తుత్తి స్టీరియో. అందులో స్టీల్ గిటార్ (తీగల మీద లోహపు కడ్డీ జార్చి వాయించే హవాయి గిటార్) బావిలోంచి వినిపిస్తున్నట్టు ఉంటుంది. యాంప్లిఫయర్‌లో మోనో మీట నొక్కినా పూర్తిగా బాగుపడదు, ఆ ఆలస్యం వల్ల ధ్వని బోలుగానే మిగులుతుంది. దానికి స్టీరియో ధర పెట్టకండి.

ఇక ‘వీజీ ప్లస్’. చాలామంది ప్లేటును దీపం కింద పెట్టి చూసి వేసే మార్కు అది, వాయించి చూసి కాదు. ఉత్త ‘వీజీ’ అంటే చిటపటలు ఖాయం. ‘గుడ్’ అని రాస్తే మంచిదనుకునేరు, బాగా అరిగిందని దాని అర్థం. ఈ సంగీతంలో అరుగుదల దాగదు. డ్రమ్ముల హోరులో కొట్టుకుపోయే చప్పుడు వైబ్రాఫోన్ ఒంటరి స్వరం దగ్గర బయటపడిపోతుంది. ఆ రోజుల్లో సెరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టి ఉంచే భాగం) ఉన్న పెట్టెల్లో ముల్లు అయిదారు గ్రాముల బరువుతో గాడిలో నడిచేది (ఇప్పటివి ఒకటిన్నర, రెండు గ్రాములు). ముందు దెబ్బతినేది లేబులుకు దగ్గరి గాళ్లే. అందుకే ప్రతి వైపూ చివరి పాట వాయిస్తున్న వీడియో అడగండి. విడివిడిగా టిక్ టిక్‌మంటే దుమ్ము, కడిగితే పోవచ్చు. స్వరం కొట్టిన ప్రతిసారీ జర్రుమంటే గాడి గోడ చెడిపోయినట్టే, ఎంత కడిగినా రాదు.

మధ్య చిల్లు పక్కకు జరిగిందేమో కూడా చూసుకోండి. జరిగితే, ప్లేటు తిరుగుతుంటే ముల్లును మోసే ఆర్మ్ ఊయలలా ఊగుతుంది. మిల్లీమీటరు జరిగినా, లోపలి గాళ్ల దగ్గర శ్రుతి అటూ ఇటూ ఒకటిన్నర శాతానికి పైగా కదులుతుంది. గాయకుడి గొంతులో అది అంతగా పట్టుబడకపోవచ్చు. సాగే స్టీల్ గిటార్ స్వరంలో మాత్రం కడుపులో తిప్పినట్టుంటుంది.

‘హవాయియన్ గిటార్’ అని రాసిన మన దేశపు రికార్డులు వేరే సంగతి. సునీల్ గంగూలీ లాంటివాళ్లు ఆ గిటార్ మీద సినిమా పాటలు వాయించారు. అవి వినదగ్గవే, కానీ హవాయి పాటలనుకుని తెప్పించుకుంటే నిరాశే.

విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో దాచిన ప్లేట్ల మీద తెల్లటి బూజు చుక్కలుంటాయి. నాలుగు వంతుల డిస్టిల్డ్ నీళ్లకు ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, లీటరుకు రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, లేబులు తడవకుండా గాడి వెంబడే తుడిచి, ఉత్త డిస్టిల్డ్ నీళ్లతో మళ్లీ కడగండి. 78 ఆర్‌పీఎం లక్క ప్లేట్లకు ఆల్కహాల్ తగలనివ్వొద్దు, లక్క కరిగిపోతుంది. 1950ల, 60ల అమెరికా 45 ఆర్‌పీఎంలలో కొన్ని పాలీస్టైరీన్‌వి, వాటికీ వద్దు.

అమెరికా నుంచి తెప్పిస్తుంటే ప్లేటును అట్టలోంచి తీసి విడిగా పెట్టి, రెండు వైపులా గట్టి కార్డ్‌బోర్డ్ వేసి పంపమనండి. లోపలే ఉంచి పంపితే దారిలో కదిలి అట్ట అంచు చీల్చుకుని వస్తుంది. పార్శిల్ విప్పుతున్నప్పుడు మొదటి టేపు ముక్క కోసే దగ్గర్నుంచే వీడియో తీయండి. లేబులు, చెక్కిన నంబరు అందులో కనబడాలి, లేకపోతే ప్లేటు మార్చింది మీరేనంటారు.