రంపం అడిగితే రాళ్లు కోసే మిషను అంటగట్టాడు, జాగ్రత్త

ఏ కొట్టో చెప్పనక్కర్లేదు. సొంత పేరు కంటే పెద్ద అక్షరాలతో "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడ మీద రాయించుకున్నవాడు. మేకులూ బందులూ తాళాలూ మీలో సగం మంది అక్కడే కొంటారు. మొన్నటి దాకా నేనూ కొన్నాను.

నాన్నగారు ఎప్పుడో కోయించి దాచిన టేకు పలకలు మూడు ఉన్నాయి, ఒకటిన్నర అంగుళం మందం. వాటిని బద్దలుగా కోసి పుస్తకాలకు అరలు చేద్దామనుకున్నాను. "చెక్క కోసే కరెంటు రంపం కావాలి" అన్నాను. సరిగ్గా ఈ మాటలే. "మేస్త్రీలందరూ వాడేది ఇదే గురువుగారూ" అంటూ నాలుగు అంగుళాల బ్లేడు మిషను చేతిలో పెట్టాడు. 2,650 రూపాయలు. 40 పళ్ల బ్లేడు ఉచితం. ఉచితం అన్న మాట చెవిన పడగానే నా బుర్ర పని చేయడం మానేసింది, అది వేరే సంగతి.

ఆదివారం పొద్దున పలక మీద పెన్సిలు గీత గీసి మొదలుపెట్టాను. జానెడు దూరం పోయిందో లేదో, పొట్టుకు బదులు పొగ. కోత అంచులు రెండూ కాఫీ రంగులోకి మాడిపోయాయి. పలకేమో 38 మిల్లీమీటర్లు, ఆ చిన్న బ్లేడు దిగేది దాదాపు 32. తిరగేసి రెండో వైపు నుంచి కోశాను. రెండు కోతలూ కలవలేదు, మధ్యలో అగ్గిపుల్ల మందాన మెట్టు మిగిలింది. మళ్లీ సరిచేయబోతే చీలిన చెక్క దగ్గరికి ముడుచుకుని బ్లేడును పట్టేసింది, మిషను ఒక్కసారిగా నా మీదికి ఎగిరింది. లుంగీ అంచు చిరిగింది, తొడ మిగిలింది. సరిగ్గా దాని వెనకే నిలబడడం నా తెలివి. స్విచ్చి ఆపినా బ్లేడు ఇంకా గిర్రున తిరుగుతూనే ఉంది, దాన్ని కప్పే మూత కింద లేదు.

మిషనును డబ్బాలో పెట్టేయబోతుంటే ధర కాగితం కొస లేచి కనిపించింది. గోటితో గీకాను. కింద "మార్బుల్ కట్టర్" అని నిక్షేపంగా అచ్చయి ఉంది. మొత్తం డబ్బా మీద ధర అంటించడానికి వాడికి ఆ రెండు మాటలే దొరికాయి.

సాయంత్రం డబ్బా పట్టుకుని వెళ్లాను. లెక్కల పుస్తకం మీంచి తల ఎత్తకుండా "నిలువు కోతా, అడ్డ కోతా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "చూడు బాబూ, ఏ కోతో తెలియనివాళ్లు మేస్త్రిని పెట్టుకోవాలి గానీ మిషన్లు కొనకూడదు" అన్నాడు. డబ్బు చేతికి అందే వరకు గురువుగారిని, అందాక బాబును. రంగు డబ్బాలు సర్దుతున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. నేను లేచిన కాగితం చూపించాను. వాడు డబ్బా అందుకుని, ఆ కాగితాన్ని బొటనవేలితో నెమ్మదిగా, ఎక్కడా ముడత రాకుండా, మళ్లీ అదే మాట మీద అంటించి నా చేతిలో పెట్టాడు. "ఇంకేమైనా కావాలా?"

పోయిన డబ్బు సంగతి మరిచిపోతానేమో గానీ ఆ బొటనవేలిని మరిచిపోలేను.

వాడు ఎగతాళిగా అడిగినా ప్రశ్న సరైనదే, కొనేటప్పుడు అడగవలసింది. ఆ రాత్రి మా వీధి చివర వడ్రంగి తాతగారి దగ్గర కూర్చుని తెలుసుకున్నాను. చెక్క నార ఎటు నడుస్తుందో అటే పొడవునా చీలిస్తే నిలువు కోత, నారను తెంచుతూ కోస్తే అడ్డ కోత. నిలువు కోతకు పళ్లు తక్కువగా, మధ్య సందులు పెద్దగా ఉండాలి. ఏడు అంగుళాల బ్లేడుకైతే 24 పళ్లు చాలు. సందులు ఇరుకైతే పొట్టు బయటికి పోదు, రాపిడికి చెక్క మాడుతుంది. నాది అదే. అడ్డ కోతకూ ప్లైవుడ్‌కూ పళ్లు ఎక్కువైతే అంచు పెచ్చు లేవకుండా వస్తుంది.

ఇంకో మాట చెప్పి ఆయన కూడా నవ్వారు గానీ ఆ నవ్వు వేరు. 9 అంగుళాల పలకలో 3 అంగుళాల బద్దలు మూడు వస్తాయని నేను లెక్క వేసుకున్నాను. రంపం తినే మందం ఎవరు లెక్కపెడతారు? కోతకు రెండు మిల్లీమీటర్ల చొప్పున రెండు కోతలకు నాలుగు పొట్టులో కలుస్తాయి. లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకున్నవాడిని మరి.

సరే, కొనేవాళ్లకు. డబ్బా మీద కాగితం ఉంటే కొట్లోనే పీకి చూడండి. చెక్క రంపానికి కింది వైపు, కోత అయిపోగానే తనంతట తానే మూసుకునే స్ప్రింగు మూత ఉంటుంది, వేలితో కదిపి చూడండి. బ్లేడు మీద రాసిన గరిష్ఠ వేగం మిషను వేగం కంటే ఎక్కువ ఉండాలి. నాకు ఉచితంగా ఇచ్చిన దాని మీద నిమిషానికి 10,000 చుట్లు అని ఉంది, మిషను మీద 13,000. ఇది రాస్తుంటే ఇప్పుడు చెమట పడుతోంది.

బిల్లు అడిగి తీసుకోండి. వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేస్తే ముందు బిల్లు ఉందా అని అడిగారు. నా దగ్గర ఉన్నది తెల్ల కాగితం ముక్క. దాని మీద "మిషను - 1" అని మాత్రమే ఉంది.