పగిలిన ఫోన్ డిస్‌ప్లే: మనమే మార్చుకోవాలా, షాపులో ఇవ్వాలా, సర్వీస్ సెంటర్‌కి వెళ్లాలా?

ఆన్‌లైన్‌లో డిస్‌ప్లే ధర చూడగానే చాలామందికి ఒకటే ఆలోచన వస్తుంది. పార్టు ఇంత చవకగా దొరుకుతుంటే షాపతనికి రెట్టింపు ఎందుకివ్వాలి, వీడియో చూసి మనమే వేసుకుంటే సరిపోదా అని. కొన్ని ఫోన్లకు సరిపోతుంది. కొన్నిటికి మాత్రం ఉన్న ఫోన్ కూడా పోతుంది. ఆ తేడా మన చేతి పనితనంలో కన్నా ఫోన్‌ని బిగించిన తీరులోనే ఎక్కువగా ఉంది.

ముందు ఏది పగిలిందో తేల్చుకోండి. పైన బీటలు ఉన్నా బొమ్మ శుభ్రంగా కనిపిస్తూ టచ్ అన్ని మూలలా పనిచేస్తుంటే పోయింది గాజు ఒక్కటే. సిరా ఒలికినట్టు నల్లమచ్చ పాకుతున్నా, రంగురంగుల గీతలు పడుతున్నా లోపలి ప్యానెల్ పోయినట్టే. గాజు ఒక్కటే పోయిందంటే పని తేలికనిపిస్తుంది గానీ, ఇంట్లో అసలు ముట్టుకోకూడని పని అదే. ఇప్పటి ఫోన్లలో గాజు, టచ్, ప్యానెల్ మూడూ పారదర్శకమైన జిగురుతో ఒకే పలకలా అతుక్కుని ఉంటాయి. వేడి పెట్టి, సన్నని తీగతో గాజును ప్యానెల్ నుంచి కోసి తీయాలి. కొత్తదాన్ని గాలి చొరకుండా వాక్యూమ్ మెషిన్‌లో అతికించాలి. ఆ తర్వాత బుడగలు పోవడానికి ప్రెషర్ ఛాంబర్‌లో పెట్టాలి. హెయిర్ డ్రయర్‌తో అయ్యే పని కాదు. ఇంట్లో చేయగలిగేది మొత్తం కాంబో, అంటే గాజు, టచ్, ప్యానెల్ కలిసున్న ఆ పలకనే మార్చడం ఒక్కటే.

అది ఏ ఫోన్లకు నప్పుతుందంటే, వారంటీ అయిపోయిన ఎల్‌సీడీ (వెనక లైటుతో వెలిగే ప్యానెల్) బడ్జెట్ ఫోన్లకు. వేలిముద్ర సెన్సర్ పక్క బటన్‌లోనో వెనకవైపో ఉండి, వెనక కవర్ ప్లాస్టిక్‌దైతే మరీ మంచిది. స్క్రూడ్రైవర్ సెట్టు, ప్లాస్టిక్ పిక్కులు, ట్వీజర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, టీ-7000 జిగురు అన్నీ కలిపినా కొన్ని వందల్లోనే అయిపోతుంది. కాంబోని ఫ్రేమ్‌తో (డిస్‌ప్లేని పట్టి ఉంచే చట్రం) సహా కొనమంటాను. ధర కాస్త ఎక్కువే, పైగా బోర్డు, బ్యాటరీ, స్పీకర్ అన్నీ కొత్త ఫ్రేమ్‌లోకి మార్చాలి. అయినా పగిలిన గాజు ముక్కల్ని, పాత జిగురుని ఫ్రేమ్ నుంచి గీకే యాతన తప్పుతుంది. భయపడాల్సింది బ్యాటరీ దగ్గర. విప్పేముందు ఛార్జింగ్ పాతిక శాతం లోపుకు దించండి, ఫోన్ తెరవగానే మొదట బ్యాటరీ కనెక్టర్ తీయండి. అంటుకుపోయిన బ్యాటరీ కింద ఇనుప పరికరం దూర్చకండి. లిథియం బ్యాటరీకి చిల్లు పడితే మంటలే. అతికించేముందు కొత్త డిస్‌ప్లేని కనెక్ట్ చేసి టచ్, బ్రైట్‌నెస్, కాల్ మాట్లాడేటప్పుడు స్క్రీన్ ఆరిపోతుందా లేదా, అన్నీ చూసుకోండి. జిగురు తగిలాక వెనక్కి తీసుకునే అమ్మకందారు అరుదు.

ఐఫోన్ కథ వేరు. చాలా మోడళ్లు స్క్రీన్ వైపు నుంచే తెరుచుకుంటాయి కాబట్టి చేయి తొందరగా అందుతుంది. కానీ స్క్రూలు రకరకాల పొడవుల్లో ఉంటాయి. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే బోర్డు దెబ్బతింటుంది. ఐఫోన్ 11 నుంచి, ఆపిల్‌ది కాని డిస్‌ప్లే వేస్తే సెట్టింగ్స్‌లో ఆ సంగతి చూపిస్తుంది, చుట్టూ ఉన్న వెలుతురుకి తగ్గట్టు స్క్రీన్ రంగు సర్దే ట్రూ టోన్ కూడా పోవచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో దారి ఉంది. ఆపిల్ 2022 ఏప్రిల్‌లో అక్కడ సెల్ఫ్ సర్వీస్ రిపేర్ మొదలుపెట్టి, ఒరిజినల్ పార్టులు అమ్ముతూ, టూల్ కిట్‌ని వారానికి 49 డాలర్లకు అద్దెకిచ్చింది. ఆ కిట్ రెండు పెద్ద పెట్టెల్లో వచ్చింది. కంపెనీ లెక్కలో ఇంటి రిపేరు అంటే ఏమిటో దాన్ని చూస్తేనే తెలుస్తుంది.

స్క్రీన్ లోపలే వేలిముద్ర సెన్సర్ ఉన్న అమోలెడ్ (వెనక లైటు లేకుండా తనంతట తానే వెలిగే ప్యానెల్) ఫోన్ అయితే మాత్రం ఆన్‌లైన్‌లో చవకగా దొరికేదాని జోలికి పోకండి. అలాంటివి చాలావరకు టీఎఫ్‌టీ కాపీలు, అంటే అమోలెడ్ బదులు ఎల్‌సీడీ రకం ప్యానెల్‌తో చేసినవి. మందంగా ఉంటాయి, నలుపు బూడిదగా కనిపిస్తుంది, ఇక వేలిముద్ర పనిచేయదు. ఇలాంటి ఫోన్‌కి మంచి షాపే మేలు. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్ లాంటి చోట అన్ని రకాల పార్టులూ దొరుకుతాయి. మన కళ్ల ముందే పని చేయించుకోవచ్చు, బేరమూ ఆడొచ్చు. "ఒరిజినలా, కాపీయా?" అని అడిగి ఊరుకోకుండా, వేరే ఫోన్ నుంచి తీసిన ఒరిజినలా, కొత్తదా అని కూడా అడగండి. బిల్లు మీద రాయించుకోండి. గాజు మాత్రమే పగిలి లోపల బాగున్న అమోలెడ్ ప్యానెల్‌కి మార్కెట్లో విలువ ఉంది, దాన్ని బాగుచేసి మళ్లీ అమ్ముతారు. పాతది వాళ్లకే వదిలేసేటట్టయితే ఆ మేరకు తగ్గించమనండి. చాలామంది ఈ సంగతి తెలియక ఊరికే ఇచ్చేస్తుంటారు.

సర్వీస్ సెంటర్‌లో ధర ఎక్కువే, ఖరీదైన ఫోన్లకైతే ఐదంకెలకు చేరుతుంది. ఫోన్ కిందపడి పగిలితే మామూలు వారంటీ వర్తించదు. అయినా ఫోన్ కొత్తదై, ఖరీదైనదై, నీళ్లు చొరకుండా ఉండే రేటింగ్ ఉన్నదైతే నేను అక్కడికే వెళ్తాను. ఆ సీల్ మళ్లీ సరిగ్గా వేయడం ఇంట్లో కుదరదు, షాపుల్లోనూ చాలామంది పట్టించుకోరు. వెళ్లేముందు కంపెనీ సైట్‌లో పార్టు ధర ఉందేమో చూడండి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్‌లో తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లోనూ కంపెనీల రిపేర్ వివరాలు దొరుకుతాయి. మార్చే ఖర్చు ఆ ఫోన్ ఇప్పటి సెకండ్ హ్యాండ్ ధరలో సగం దాటితే మార్చడం దండగని నా లెక్క.

ఫోన్ ఎవరి చేతికిచ్చినా ముందు ఫోటోలు, కాంటాక్టులు బ్యాకప్ తీయండి. టచ్ పనిచేస్తుంటే సామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఆన్ చేసి ఇస్తే మీ డేటా వాళ్లకు కనిపించదు. టచ్ పోయి బొమ్మ మాత్రం కనిపిస్తుంటే, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు ఓటీజీ కేబుల్‌తో (ఫోన్ ఛార్జింగ్ రంధ్రానికి యూఎస్‌బీ పరికరాన్ని కలిపే వైరు) కంప్యూటర్ మౌస్ తగిలించొచ్చు. తెర మీద బాణం గుర్తు వస్తుంది, దానితోనే లాక్ తీసి బ్యాకప్ చేసుకోవచ్చు.