లిన్‌లిత్‌గోనా, ఇన్వర్‌కీథింగా? ఎడిన్‌బరా పక్కన చిన్న ఊళ్లలో ఏది మేలు

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరాలో ఉద్యోగం దొరికి, అక్కడి అద్దెలు భరించలేక, రైలున్న చిన్న ఊరు వెతుక్కునేవాళ్లకు ముందుగా వినిపించే పేర్లలో ఈ రెండూ ఉంటాయి. రెండింటి నుంచీ ఎడిన్‌బరా నడిబొడ్డునున్న వేవర్లీ స్టేషన్‌కు 20 నిమిషాలు అటూఇటూ. ఆ అంకె ఒక్కటే చూసి ఇల్లు తీసుకోవద్దు. ముందు తేల్చుకోవాల్సింది ఆఫీసు ఏ స్టేషన్ దగ్గర అన్నది.

భార్యాభర్తల్లో ఒకరికి ఎడిన్‌బరా, మరొకరికి గ్లాస్గో అయితే లిన్‌లిత్‌గోనే తీసుకోండి. రెండు నగరాల మధ్య ప్రధాన రైలు మార్గం 1842 నుంచీ ఈ ఊరి మీదుగానే పోతోంది. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్‌కు అరగంట పైచిలుకు. ఇన్వర్‌కీథింగ్ నుంచైతే ఎడిన్‌బరాలోని హేమార్కెట్ స్టేషన్‌లో దిగి బండి మారాలి. రోజూ చేస్తే అది ఒళ్లు హూనం చేసే ప్రయాణం.

ఆఫీసు నగరానికి పడమటి వైపు ఉంటే లెక్క మారుతుంది. ఇన్వర్‌కీథింగ్ నుంచి వచ్చే చాలా రైళ్లు ఎడిన్‌బరా గేట్‌వే, సౌత్ గైల్ స్టేషన్లలో ఆగుతాయి. గేట్‌వేలో దిగితే ఎయిర్‌పోర్టుకు ట్రామ్ సిద్ధం. లిన్‌లిత్‌గో నుంచి అదే పడమటి వైపునున్న ఎడిన్‌బరా పార్క్ స్టేషన్‌కు వెళ్లాలంటే డన్‌బ్లేన్ నుంచి వచ్చే బండి ఎక్కాలి. గ్లాస్గో నుంచి వచ్చేవి సాధారణంగా అక్కడ ఆగవు, నేరుగా హేమార్కెట్‌కు తీసుకుపోతాయి. కొత్తవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే.

కారున్నవాళ్లు లిన్‌లిత్‌గోలో ఇంకో సంగతి గమనించాలి. ఎం9 మోటార్‌వే ఊరి పక్కనే ఉన్నా, 3వ జంక్షన్ ఎడిన్‌బరా వైపు రాకపోకలకే పనికొస్తుంది. ఫాల్‌కిర్క్, స్టర్లింగ్ వైపు పోవాలంటే ఊరు దాటి 4వ జంక్షన్‌కు వెళ్లాలి. అందుకే ఊరి ప్రధాన వీధి హై స్ట్రీట్‌లో పొద్దునా సాయంత్రం బండ్లు బారులు తీరతాయి. స్టేషన్ దగ్గర పార్కింగ్ కూడా త్వరగా నిండిపోతుంది, నడిచి వెళ్లగలిగే ఇల్లే చూసుకోండి. ఇన్వర్‌కీథింగ్ అంచున ఫెర్రీటోల్ దగ్గర పెద్ద పార్క్ అండ్ రైడ్ (కారు నిలిపి బస్సెక్కే చోటు) ఉంది. ఎయిర్‌పోర్టుకు 747 బస్సు అక్కడే ఎక్కొచ్చు. అయితే ఈ ఊరి నుంచి ఎడిన్‌బరాకు ఏ దారిలో వెళ్లినా ఫోర్త్ నదీముఖం దాటాల్సిందే. 2017లో తెరిచిన రోడ్డు వంతెన క్వీన్స్‌ఫెర్రీ క్రాసింగ్‌ను 2020 ఫిబ్రవరిలో తీగల మీది మంచు గడ్డలు రాలుతున్నాయని మూసేశారు. అలాంటి రోజున 1890 నాటి రైలు వంతెన అక్కరకొస్తుంది.

ఛార్జీల విషయంలో ఒక చిక్కు తీరింది. రద్దీ వేళ టికెట్‌కు ఎక్కువ వసూలు చేసే పద్ధతిని ఇక్కడి రైళ్లు నడిపే స్కాట్‌రైల్ 2025 సెప్టెంబరు నుంచి ఎత్తేసింది. 22 ఏళ్లలోపు పిల్లలకు బస్సు ఉచితం, కానీ కార్డుకు దరఖాస్తు చేయాలి. దానంతటది రాదు.

ఆసుపత్రి సంగతి చాలామంది చూడరు. లిన్‌లిత్‌గోవాళ్లకు అత్యవసర విభాగం లివింగ్‌స్టన్‌లోని సెయింట్ జాన్స్. నేరుగా రైలు లేదు, రాత్రిపూట కారో టాక్సీయో కావాలి. ఇన్వర్‌కీథింగ్‌వాళ్లకు అది కర్కాల్డీలో ఉంది, ఊరు రైలు మార్గంలోనే. దగ్గర్లోని డన్‌ఫర్మ్‌లిన్ ఆసుపత్రి చిన్న గాయాలకే.

బడి విషయంలో లిన్‌లిత్‌గోకు మొగ్గు. హైస్కూలు ఊళ్లోనే ఉంది. ఇన్వర్‌కీథింగ్ హైస్కూలు కొత్త భవనానికి పక్క ఊరు రొసైత్‌ను ఎంచుకున్నారు.

ఇల్లు కొనాలంటే ఇన్వర్‌కీథింగే జేబుకు తేలిక. లిన్‌లిత్‌గోలో గిరాకీ ఎక్కువ, ధరలూ ఎక్కువే. స్కాట్లాండ్‌లో ఇంటి ప్రకటన మీద 'ఆఫర్స్ ఓవర్' అని రాసిన ధర మొదలు మాత్రమే. బ్యాంకు అప్పిచ్చేది హోమ్ రిపోర్టులో, అంటే అమ్మేవాళ్లు చేయించే ఇంటి తనిఖీ నివేదికలో, కట్టిన విలువ మీద. దానికి 20,000 పౌండ్లు పైన పాడితే ఆ మొత్తం నగదుగా మీరే తేవాలి, డిపాజిట్ కాక. ఇల్లు 1,45,000 పౌండ్లు దాటితే ఇల్లు కొన్నప్పుడు కట్టే ఎల్‌బీటీటీ పన్ను కూడా లెక్కలో వేసుకోండి. పాత రాతి ఇళ్లలో చెమ్మ గురించి అదే రిపోర్టులో ఉంటుంది, ఆ పేజీలు వదలకుండా చదవండి. అద్దెకైతే డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించకూడదు. యజమాని దాన్ని 30 పనిదినాల్లో రక్షణ పథకంలో జమచేయాలి.

డన్‌బ్లేన్ కూడా అందమైన ఊరే. ఎడిన్‌బరాకు గంట పైనే పడుతుంది కనుక, పని స్టర్లింగ్‌లోనో గ్లాస్గోలోనో ఉన్నవాళ్లకే చెప్పదగ్గది.

ఏ ఊరైనా ఆదివారం రైళ్లు తక్కువ, పొద్దున ఆలస్యంగా మొదలవుతాయి. ఆసుపత్రిలోనో హోటల్లోనో షిఫ్టు పనిచేసేవాళ్లు ఆదివారం మొదటి బండి, శనివారం ఆఖరి బండి వేళలు చూశాకే అద్దె కాగితం మీద సంతకం పెట్టాలి.