కెఫ్ ఎల్‌ఎస్50 మెటా: హాల్లో పెట్టాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి

హై-ఫై, అంటే మేలిరకం ఆడియో సామాన్ల పిచ్చి ఉన్నవాళ్ళు ‘వైఫ్ యాక్సెప్టెన్స్ ఫ్యాక్టర్’ అని ఒక మాట వాడుతుంటారు. ఇంట్లో ఆవిడకి పాట అక్కర్లేదు, డబ్బా అందంగా ఉంటే చాలన్న చిన్నచూపు అందులో ఉంది. నిజానికి డబ్బా రూపం మీద వచ్చే గొడవ తక్కువ. నడిచే దారికి అడ్డం రావడం, గోడ వెంట వేలాడే వైర్లు, ఊడ్చేటప్పుడు తగులుకునే స్టాండు, వీటి మీదే అసలు తగాదా. ఎల్‌ఎస్50 మెటా స్పీకర్లని ఆ లెక్కలోనే చూడాలి.

రూపం సంగతి తొందరగా తేలిపోతుంది. 2012లో కెఫ్ కంపెనీ 50 ఏళ్ళ గుర్తుగా తెచ్చిన ఎల్‌ఎస్50కి ఇది 2020 నాటి కొత్త రూపం. ఎత్తు 30 సెం.మీ., వెడల్పు 20, లోతు 28. ఒక్కొక్కటి ఎనిమిది కిలోలకు కాస్త తక్కువ. రంగు మెరవదు కాబట్టి వేలిముద్రలు పెద్దగా కనిపించవు. వంపు తిరిగిన ముందు పలక సోకు కోసం పెట్టింది కాదు, డబ్బా అంచుల దగ్గర శబ్దం చెదరకుండా ఉండటానికి. చూడగానే ‘తీసెయ్’ అనిపించుకునే వస్తువు మాత్రం కాదు.

వినే విషయంలో దీని బలమంతా మధ్యలోనే ఉంది. ఐదుంపావు అంగుళాల కోన్ నడిబొడ్డున పై స్వరాలు పలికే ట్వీటర్ కూర్చుని ఉంటుంది. గొంతులోని అడుగు స్వరం, పై స్వరం ఒకే బిందువు నుంచి రావడంతో ఘంటసాల గొంతు రెండు స్పీకర్ల నడుమ మనిషి నిలబడి పాడినట్టు స్థిరంగా ఉంటుంది. ఇంకో లాభం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. సోఫా చివర కూర్చున్నవాళ్ళకీ, డైనింగ్ టేబుల్ దగ్గర కూరగాయలు తరుగుతున్నవాళ్ళకీ స్వరం రంగు పెద్దగా మారదు. మధ్య కుర్చీ ఒకరిదే అయినా పాట ఇద్దరికీ అందుతుంది.

బేస్, అంటే బాగా అడుగు శబ్దాల దగ్గర ఆశలు తగ్గించుకోవాలి. కంపెనీ లెక్క ప్రకారమే 79 హెర్ట్జ్ దాకా సమంగా వాయించి, అక్కణ్ణుంచి దిగిపోతుంది. మృదంగం తొప్పి నిండుగానే వినిపిస్తుంది కానీ, ఇప్పటి సినిమా పాటల్లో గుండెను తాకే ఆ దెబ్బ ఉండదు. అది కావాలంటే అడుగు శబ్దాల కోసమే ఉండే సబ్‌వూఫర్ తెచ్చి 80–100 హెర్ట్జ్ దగ్గర కలపాలి. అంటే ఇంకో డబ్బా, ఇంకో చర్చ.

అసలు చిక్కు చోటు. బేస్ గొట్టం వెనక వైపు ఉంది. గోడకి కనీసం 30 సెం.మీ. వదలమంటే, 28 లోతు కలిపి సుమారు రెండడుగులు పోయినట్టే. 11 అడుగుల వెడల్పు హాల్లో అది చిన్న విషయం కాదు. అలాగని టీవీ యూనిట్ అరలో దూరిస్తే మగ గొంతులన్నీ జలుబు చేసినట్టు బొంగురుపోతాయి. పెట్టెలో వచ్చే స్పాంజి బిరడాలు గొట్టంలో పెడితే ఆ మోత కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. బుక్‌షెల్ఫ్ స్పీకర్ కదా, నేల మిగులుతుందనుకోవడం కూడా పొరపాటే. స్టాండుతో కలిపితే సన్నటి టవర్ స్పీకర్ ఆక్రమించేంత నేల ఇదీ తింటుంది.

కొనేముందు 30×20×28 కొలతలో రెండు అట్టపెట్టెలు తయారుచేసి, అనుకున్న చోట స్టూళ్ళ మీద వారం రోజులు ఉంచండి. ఊడ్చేవాళ్ళు, పిల్లలు, ఇస్త్రీ బల్ల ఎటు జరుపుతారో చూస్తే చోటు దానంతటదే తేలుతుంది. స్టాండు ఎత్తుకి, సోఫాలో కూర్చున్నప్పటి చెవి ఎత్తులోంచి ఆరంగుళాలు తీసెయ్యండి. 24 అంగుళాల స్టాండు చాలా సోఫాలకు పొట్టి. అదే కొనేస్తే స్పీకర్ ముందువైపు కింద చిన్న రబ్బరు ముక్కలు పెట్టి కాస్త పైకి వాల్చాలి. టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉన్న హాల్లో మందపాటి కర్టెన్, సోఫా ముందు ఒక తివాచీ వేస్తే చెవిలో గుచ్చుకునే పదును తగ్గుతుంది. ఈ సలహాకి ఇంట్లో అభ్యంతరం రావడం అరుదు!

స్పీకర్లకి శక్తినిచ్చే యాంప్లిఫైయర్ (యాంప్) దగ్గర పిసినారితనం పనికిరాదు. దీని సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి ఎంత గట్టిగా మోగుతుందన్న లెక్క, 85 డెసిబెల్. 88 ఉన్న స్పీకర్‌తో సమానంగా మోగాలంటే రెట్టింపు వాట్లు కావాలి. కంపెనీ 40–100 వాట్లు అడుగుతోంది. 20 వాట్ల బుల్లి యాంప్‌ని గట్టిగా తిప్పితే శబ్దం చిట్లుతుంది, అలా చిట్లిన శబ్దమే ట్వీటర్‌ని కాలుస్తుంది. ఐదారు మీటర్ల దూరానికి 14 గేజ్ రాగి వైరు చాలు. దాన్ని స్కర్టింగ్ వెంట పీవీసీ కేసింగ్‌లో పోనిచ్చి, కేసింగ్‌కి గోడ రంగే వేయించండి.

స్పీకర్ ముందు తగిలించే జల్లెడ మూత, అంటే గ్రిల్, పెట్టెలో రాదు, విడిగా కొనాలి. పిల్లలున్న ఇంట్లో అది మొదటి రోజే కొనండి. ట్వీటర్ ముందున్న రెక్కలు చిన్న వేలిని ఆపలేవు. కోన్‌ని తడిగుడ్డతో తుడవద్దు, మెత్తటి పొడి బ్రష్ చాలు. పైభాగం చదునుగా ఉంది కదా అని క్రోషా గుడ్డ పరిచి పూలకుండీ పెట్టేస్తారు. నీళ్ళు వెనక టెర్మినళ్ళ మీదికి కారాయంటే యాంప్‌కి కూడా చేటు.

స్టాండ్లూ యాంపూ రెండూ వద్దనుకునే ఇంటికి ఎల్‌ఎస్50 వైర్‌లెస్ 2 నయం. యాంప్ లోపలే ఉంటుంది, టీవీ హెచ్‌డీఎంఐకి కలుస్తుంది, గోడకి దగ్గరగా పెట్టినా యాప్‌లో బేస్ సర్దుకోవచ్చు. కాకపోతే పేరు చూసి మోసపోవద్దు, రెండు స్పీకర్లకీ చెరో కరెంటు వైరు కావాలి. రెండో వైపు ప్లగ్ పాయింట్ ఉందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే ఎక్స్‌టెన్షన్ బాక్సు వైరు టీవీ కింద నుంచి పాక్కుంటూ పోవాల్సిందే.