సింగ్‌నగర్–పాయకాపురంలో కాపురం: అద్దె తక్కువే, మరి మిగతా లెక్క?

విజయవాడలో బెంజి సర్కిల్, మొగల్రాజపురం వైపు డబుల్ బెడ్‌రూమ్‌కి అడిగే అద్దెలో సుమారు సగానికే సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగాక ఇల్లు దొరుకుతుంది. ఏళ్ళ తరబడి ఇక్కడ ఉండి చూసిన మీదట చెప్పేదేమిటంటే, ఆ మిగులు చేతిలో నిలవాలంటే రెండు చూసుకోవాలి: ఏ అంతస్తు, ఎవరి మీటరు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మీద పడినప్పటి నుంచి కింది వాటాలు వెయ్యి, రెండు వేలు తగ్గించి ఇస్తున్నారు. అప్పట్లో ప్రభుత్వం మునిగిన కింది ఇంటికి 25 వేలు, పై అంతస్తుకు 10 వేలు సాయం ఇచ్చింది. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, పరుపులు, బీరువా అన్నీ పోయిన ఇంటికి ఆ పాతిక వేలు ఏ మూలకు? తప్పక కిందే తీసుకుంటే కొత్త రంగులు చూసి మురిసిపోకండి. తలుపు అడుగు అంచు తడిమి చూడండి, ప్లైవుడ్ పొరలు విచ్చుకుని తగులుతాయి. స్విచ్‌బోర్డు స్క్రూలకు తుప్పు ఉందేమో చూడండి. గడప వీధి కంటే పల్లంగా ఉంటే మాత్రం వద్దు. రోడ్డు మీద రోడ్డు పోసిన వీధుల్లో మామూలు వానకే సైడు కాల్వ నీళ్ళు హాల్లోకి వస్తాయి.

ఇక కరెంటు. మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కి రూ.1.90, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, ఆపైన 400 వరకు 8.75. రెండు వాటాలకు ఒకటే మీటరు ఉందనుకోండి. చెరో 150 కాల్చినా బిల్లులో 300 పడుతుంది: యూనిట్ల చార్జీయే సుమారు రూ.1,673. ఎవరి మీటరు వాళ్ళకుంటే తలా రూ.567, ఇద్దరికీ కలిపి 1,134. అంటే ఊరికే 539 పోతోంది. స్థిర, సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కి తొమ్మిది, పది వసూలు చేసే ఓనర్లూ ఉన్నారు. ఏసీ ఉన్నవాళ్ళు అలాంటి ఇంట్లో ఐదు వందల అద్దె తగ్గినా చేరకండి, వేసవి నెలల్లో ఆ లాభం ఎగిరిపోతుంది.

తిండి ఖర్చులో బెంగ లేదు. కూరగాయలకు సింగ్‌నగర్ రైతుబజారు ఉంది. చీకటి పడ్డాక వెళ్తే తోటకూర, గోంగూర కట్టలు బేరమాడక్కర్లేకుండానే దిగొస్తాయి, కాకపోతే వాడిపోయి ఉంటాయి. బియ్యం 26 కిలోల బస్తాలే ఎక్కువ. 25 కిలోల వరకు ప్యాకింగ్‌కి జీఎస్టీ ఉంది కాబట్టి మిల్లర్లు ఒక కిలో పెంచారు, పాతిక కిలోల బస్తాతో ధర పోల్చేటప్పుడు అది గుర్తుంచుకోండి. మామిడి కాలంలో నున్న మార్కెట్ దగ్గరే కనుక పచ్చడికి కలెక్టర్ (తోతాపురి) కాయలు వీధి బండి కంటే చవక.

ఆడవాళ్ళకు 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం, ఆధార్ చేతిలో ఉంటే చాలు. మగవాళ్ళకు షేర్ ఆటోనో బండో. పొద్దున ఆఫీసు వేళ ఫ్లైఓవర్ మీద నిలిచిపోయే టైము కూడా లెక్కలో వేసుకోండి.

ఖాళీ చేసేటప్పుడు రంగులకని అడ్వాన్సులో ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ మామూలే. అంతకు మించి కోయకుండా చేరిన రోజే గోడలకూ మీటరు రీడింగుకూ ఫొటోలు తీసి ఓనరు గారికి వాట్సాప్‌లో పెట్టేయండి.