వంశవృక్షం సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? మెయిల్ బటన్ చూసి డబ్బు కట్టేయకండి

వంశవృక్షం తయారు చేసే సాఫ్ట్‌వేర్ కొనాలనుకునేవాళ్లు ముందు ఇది చదవండి. నేను కొన్నదాని ప్రకటనలో, ఒక్క బటన్ నొక్కితే చార్టు బంధువులందరికీ మెయిల్‌లో వెళ్తుందని రాశారు. నాకు కావలసింది అదే కాబట్టి వెంటనే ఏడాది చందా కట్టేశాను.

ఆరు వారాలు కూర్చుని ఐదు తరాలవాళ్లను, మొత్తం 340 మందిని ఎక్కించాను. అంతా అయ్యాకే మెయిల్ బటన్ నొక్కాను. నేను చేసిన పెద్ద పొరపాటు అదే. అప్పటికి డబ్బు వాపసు అడిగే నెల రోజుల గడువు దాటిపోయింది.

వెళ్లింది చార్టు కాదు. కొందరికి ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్ప ఎక్కడా తెరుచుకోని ఫైలు అందింది. మిగతావాళ్లకు ఒక లింకు వెళ్లింది, నొక్కితే ముందు ఖాతా తెరవమంటుంది. ఎనభై దాటిన మా పెద్దమ్మ రెండు రోజులు అవస్థపడి, చివరికి ఫోన్ చేసి నన్నే చదివి వినిపించమంది. ఆ చార్టులో పై రెండు తరాల పేర్లు ఆవిడ చెప్పినవే.

పీడీఎఫ్‌గా పంపి చూశాను. ఒకే పెద్ద పేజీగా రావలసినదాన్ని ఏ4 ముక్కలుగా కోసి 48 పేజీలు చేసింది. తెలుగు పేర్లలో ఒత్తులు విడిపోయాయి, కొన్నిచోట్ల అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు వచ్చాయి. ఫాంటును పీడీఎఫ్‌లోనే పొందుపరచకపోతే ఇలా జరగవచ్చు. మన కంప్యూటర్‌లో బాగానే కనిపిస్తుంది కాబట్టి మనకు తెలియదు.

అన్నిటికంటే బాధపెట్టింది ఇంకొకటి. బతికి ఉన్నవాళ్ల వివరాలు దాచమని టిక్ పెట్టాను. చార్టు బొమ్మలో దాచింది కూడా. కానీ దానికి జతగా వెళ్లిన డేటా ఫైల్లో అందరి పుట్టిన తేదీలు, తల్లుల పుట్టింటి ఇంటిపేర్లు అలాగే ఉన్నాయి. చాలాచోట్ల ఖాతా భద్రతకు అడిగే ప్రశ్నలు సరిగ్గా ఇవే. కంపెనీవాళ్లను అడిగితే, ఆ టిక్ చార్టుకు మాత్రమే వర్తిస్తుందని జవాబిచ్చారు. ఆ మాట స్క్రీన్ మీద ఎక్కడా లేదు.

అందుకే, ట్రయల్‌లో పదిమంది పేర్లు మాత్రమే ఎక్కించి, ఆ సాఫ్ట్‌వేర్ లేని ఒకరికి పంపి చూడండి. వాళ్ల ఫోన్లో ఏం కనిపిస్తోందో స్క్రీన్‌షాట్ అడగండి. జతగా ఏయే ఫైళ్లు వెళ్తున్నాయో ఒక్కొక్కటీ తెరిచి చూడండి. ఫొటోలు ఎక్కువుంటే సైజు కూడా చూసుకోవాలి. జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ పరిమితి 25 ఎంబీ, పైగా మెయిల్‌లో వెళ్లేటప్పుడు ఫైలు సుమారు మూడో వంతు పెరుగుతుంది.

మన డేటాను బయటికి తీసుకోగలమా అన్నది కూడా కొనకముందే తేల్చుకోండి. వంశవృక్షం వివరాలను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి తీసుకెళ్లడానికి ఈ రంగంలో అందరూ వాడే ఫైల్ ఫార్మాట్ జెడ్‌కామ్ (GEDCOM). దాని 5.5.1 వెర్షన్ ఫైల్లో ఫొటోలు ఉండవు, అవి ఎక్కడున్నాయో చెప్పే దారి మాత్రమే ఉంటుంది. అన్ని భాషల అక్షరాలనూ భద్రపరచగల యూటీఎఫ్-8 అనే పద్ధతిని ఎంచుకోకపోతే తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారిపోవచ్చు. 2021లో వచ్చిన 7.0లో యూటీఎఫ్-8 తప్పనిసరి, ఫొటోలతో కలిపి ఒకే ఫైలుగా కట్టే వీలూ ఉంది. నేనిప్పుడు ఉచితంగా దొరికే గ్రాంప్స్ అనే వంశవృక్షం సాఫ్ట్‌వేర్‌కు మారాను. అందులో ఎగుమతి చేసేటప్పుడే బతికి ఉన్నవాళ్లను మినహాయించవచ్చు. నేర్చుకోవడానికి కాస్త ఓపిక కావాలి.

ఆ డేటా ఫైలు అందిన 26 మందికీ విడివిడిగా ఫోన్ చేసి, దాన్ని తీసేయమని అడిగాను. ఇద్దరు అప్పటికే ఇంకెవరికో పంపేశారు.